పాత పెట్టెలో నాటకాలు

బాగేపల్లి,
శ్రావణ శుక్రవారం

మామా,

నమస్కారం. ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోతోందే గాని నీ చెవికి ఒక్క మాటా ఎక్కడం లేదు. అందుకని ఇది రాసి చింతామణి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు.

నా అంగట్లో ఉన్న కంప్యూటర్ గురించి నీ మాట కావాలి. దాని మొహం చూస్తేనే నాకు రోత పుడుతోంది. పొద్దున్నే ఊదొత్తి వెలిగించి ఆన్ చేస్తే చాలు, నీ సిస్టమ్ పాతదైపోయింది, కొత్తది వేసుకో అని తెర మీద ఒక పలక లేచి నిలబడుతుంది. మూసేస్తే మళ్ళీ లేస్తుంది. పోనీలే అని ఊరుకుందామంటే సర్కారు అర్జీల సైటు కూడా అదే పాట మొదలుపెట్టింది. జాతి ప్రమాణపత్రం, ఆదాయ ప్రమాణపత్రం, పొలం పంటల పహణి, ఏదీ ఈ పాత సిస్టమ్‌లో తెరుచుకోవడం లేదు. అర్జీలు పట్టుకొని వచ్చినవాళ్ళు నా గుమ్మంలో కాసేపు నిలబడి ఎదుటి అంగడికి పోతున్నారు. పోతూ పోతూ నా వైపు జాలిగా చూస్తారు చూడు, అది ఇంకా అసహ్యం.

కంప్యూటర్లు బాగుచేసే సునీల్‌కుమార్‌ను పిలిపించాను. కుర్చీలో కూర్చోకముందే తేల్చేశాడు. "అక్కా, ఈ ఓఎస్ ఎప్పుడో సచ్చిపోయిండాది. మీరు శవానికి పూలు పెడ్తాండారు. మిషను మాత్రం గట్టిగానే ఉండాది, అప్‌గ్రేడ్ చేసేస్తా" అన్నాడు. మరి మా కన్నడ టైపింగ్ సాఫ్ట్‌వేర్ మాటేమిటి అని అడిగాను. "అది కొత్తదాంట్లో రాదు. దాన్ని ఇంకెవురు వాడ్తాండారక్కా" అని నవ్వాడు. ఆ నవ్వుకు చెంప మీద ఒకటి ఇవ్వాలనిపించింది.

ఎందుకంటే నీ నాటకాలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. తెలుగు పద్యాలు, కన్నడ అక్షరాలు. మనవాళ్ళు చదివింది కన్నడ బళ్ళో, రంగం మీద పాడేది తెలుగులో, అందుకని అలా కొట్టాం. రాగం ఎక్కడ సాగాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, హార్మోనియం ఒక్కటే ఎక్కడ పలకాలి, అన్నిటికీ నువ్వు చెప్పిన గుర్తులను పెళ్ళయిన కొత్తలో నేనే కూర్చుని ఆ అక్షరాల్లో కల్పించాను. ఇప్పటికీ ప్రతి ఆటకు ముందు ప్రూఫు చూస్తానని వచ్చి ఒక పగలంతా ఆ తెర ముందు కూర్చుంటావు. ఎప్పుడో దిద్దిన తప్పులు ఏటేటా మళ్ళీ ఎలా పుడతాయో నాకు తెలియదు గాని, కాఫీ పెట్టి ఇస్తూనే ఉన్నాను.

నాటకాలన్నీ పూర్తిగా ప్రింటు తీసి నీకిచ్చేస్తాను. సరేనంటే ఈ పీడ వదిలించుకుంటాను.

నీ మేనకోడలు
అంబిక


చింతామణి,
గోకులాష్టమి మరునాడు

అంబికా,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. పూర్తిగా ప్రింటు తీస్తావా? ఆ మాట రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది?

నాటకాల మాస్టరు ఇంటి ఆడపిల్లవు, నీకు మళ్ళీ చెప్పాల్సి రావడమే నాకు చిన్నతనం. పూర్తి నాటకం కాగితం మీద ఎక్కడా కనబడకూడదు. ఒక్కొక్క వేషగాడికి వాడి పద్యాలూ వాడి మాటలూ మాత్రమే ఇస్తాం. ముందువాడు పలికే చివరి మాట ఒకటి పైన రాసిస్తాం, అది చెవిన పడగానే వీడు అందుకోవాలి. వేషం నోటికి రాగానే కాగితాలు వెనక్కి తీసుకొని పొయ్యిలో పెడతాం. మా గురువు అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. నాతోపాటు నేర్చుకున్నవాడు ఒకడు మెత్తబడి పూర్తి కాపీ ఒకరికి చూడనిచ్చాడు. మరుసటి ఏడు జాతరలో వాడి నాటకం వాడికే టికెట్టు పెట్టి చూపించారు, వేరే మాస్టరు పేరుతో. వాడు మళ్ళీ హార్మోనియం ముట్టలేదు.

ఇక సర్కారు గోల. నిన్నటిదాకా పనికొచ్చిన పెట్టె ఈరోజు పనికిరాదట. పెట్టె మారిందా, రాగులు మారాయా, జాతులు మారాయా? మారింది వాళ్ళ బుద్ధి. మంచి మనిషిని పట్టుకొని నీకు వయసైంది లెయ్ అన్నట్టుంది. నాకు ఒళ్ళు మండుతోంది.

దిబ్బూరహళ్ళిలో రాగుల కుప్పలు పడ్డాక ఆట ఒప్పుకున్నాను. రాజు వేషం మళ్ళీ ఆ పిళ్ళప్పకే ఇవ్వాల్సి వచ్చింది. బుగ్గన తాంబూలం, నోట పద్యం, రెండూ కలిపి నమిలి ముందు వరసలో ఉన్నవాళ్ళ మీద ఉమ్ముతాడు. తక్కినవాళ్ళు వాడికన్నా కనాకష్టం. ఒకడికి శ్రుతి లేదు, ఒకడు తాగనిదే మేకప్పుకు కూర్చోడు. ఇంతమంది దరిద్రుల మధ్య ఇన్నేళ్ళు హార్మోనియం తొక్కాను.

నాటకం పోతుందని నీకు దిగులక్కర్లేదు. నాటకం మాస్టరు గొంతులో ఉంటుంది. అయినా ఆ పెట్టెను మాత్రం ముట్టుకోవద్దు.

మీ మామ
వెంకటరాయప్ప


బాగేపల్లి,
వినాయకుణ్ణి నీళ్ళలో వదిలిన మరునాడు

మామా,

గొంతులో ఉందంటావు, పెట్టెను ముట్టుకోవద్దంటావు. ఈ రెంటిలో ఏది పట్టుకోవాలో చెప్పు. గొంతులో ఉంటే పెట్టెతో నీకేం పని?

నీ ఉత్తరం వచ్చాక నేను సునీల్‌కుమార్‌ను వెనక్కి పంపాను. ఆ తరవాత నా బతుకేమైందో విను. చేలూరు వైపునుంచి ఒక ముసలామె వితంతు పింఛను అర్జీకి వచ్చింది. సైటు తెరుచుకోక, తెరుచుకున్నా మధ్యలో ఆగిపోతూ పూట గడిచింది. ఆమె నా మీద కోప్పడి ఉంటే బాగుండేది. "పాపం, నీ మిషనుకు కూడా కండ్లు కనబడ్లేదేమోమ్మా" అని కొంగుతో తెర తుడిచి పోయింది. ఎదుటి అంగడివాడైతే గుమ్మంలో నిలబడి పది మంది ముందర అరిచాడు, "అక్కయ్యా, దాన్ని మ్యూజియంకు ఇచ్చెయ్, టికెట్టు పెడ్తారు" అని. నాకు వాడి మీద కన్నా ఈ డబ్బా మీదే ఎక్కువ కసి పుట్టింది.

కొత్తది కొనుక్కొని పాతది పక్కన పెట్టుకోమని నువ్వు అంటావని తెలుసు. మా ఇంటాయన పోయాక ఈ అంగడి ఒక్కటే మా ఇంటి పొయ్యి వెలిగిస్తోంది. అర్జీల పని ఆగిపోతే పెళ్ళికార్డులు ఒక్కటే మిగులుతాయి, అవి కూడా జనం ఇప్పుడు ఫోనులోనే పంపుకుంటున్నారు.

చిక్కబళ్ళాపురంలో ఉన్న తమ్ముడు అమరనాథ్‌ను అడిగాను. వాడు నిన్నూ నన్నూ కలిపి తిట్టాడు. సునీల్‌కుమార్ మళ్ళీ వచ్చి, ఉన్నదంతా ముందు ఒక హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తానన్నాడు. నా కళ్ళ ముందే కాపీ చేశాడు. నువ్వు వద్దన్నావు కాబట్టి ప్రింటు తీయలేదు. నీ మాటలో ఒక సగమైనా దక్కించాను.

ఆయుధపూజ ముందు రోజు సాయంత్రం మొదలుపెడతాడట. పాత మిషను కదా, తెల్లారేదాకా పడుతుందట. అంతా అయ్యాక, ఆ సాఫ్ట్‌వేర్ రాకపోతే నువ్వు వచ్చి పాడు, నేను మళ్ళీ కొడతాను. గొంతులో ఉందన్నావు కదా, నాకు ఆ ధైర్యం చాలు.

అంబిక


చింతామణి,
మహాలయ అమావాస్య

అంబికా,

చేసుకో. నా మాట ఎవడికి కావాలి? అమరనాథ్ మాట, ఆ సునీల్ మాట నీకు వేదం.

ఒక్కటి మాత్రం చెబుతాను. ఆయుధపూజ నాడు నేను హార్మోనియం పెట్టె మూసి, పసుపు కుంకుమ పెట్టి, మరునాటిదాకా తెరవను. ఎంత పెద్ద మనిషి వచ్చి అడిగినా తెరవలేదు. అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికి ఒక్క రోజు విశ్రాంతి ఇవ్వలేనివాళ్ళు దానితో బతకడానికి అర్హులు కారు. నీ కంప్యూటర్ దగ్గర ఈ మర్యాద అయినా ఉండనీ. నీ ఇంట్లో ఉన్న మీ అత్తగారు అక్కమ్మకు ఈ మాట చదివి వినిపించు, ఆ తల్లికైనా అర్థమవుతుంది.

వెంకటరాయప్ప


బాగేపల్లి,
విజయదశమి వెళ్ళిన సోమవారం

మామా,

చదివి వినిపించాను. నేను చేసిన పాపం అదే.

సునీల్‌కుమార్ సాయంత్రం మొదలుపెట్టి, తెల్లారేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పోయాడు. పొద్దున నేను పూలకు మార్కెట్టుకు పోయి వచ్చేసరికి, మా అత్త అంగడి కడిగి ముగ్గేసి, కంప్యూటర్‌కు బంతిపూల దండ వేసి, తెరకు మూడు చోట్ల కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. కంప్యూటర్ మీద ఒక్క దీపమూ వెలగడం లేదు. వైరు పీకేసి ఉంది.

ఎందుకు పీకావని అడిగాను. "పండగ పూట ఎద్దుకు కూడా కాడి కట్టరు గదమ్మా. రేతిరంతా దాంతో దున్నిస్తాండావు, చక్రం మాదిరి ఏదో తిరుగుతానే ఉండాది. మీ మామ రాసిన మాట నిజమే అనిపించె, ఆపేస్తిని" అంది. పైగా నాకే హారతి అద్దింది. నేను ఆ పళ్ళెం ముందు నిలబడి ఏడవలేక, నవ్వలేక, సునీల్‌కుమార్‌కు ఫోను చేశాను.

సునీల్‌కుమార్ వచ్చి చూసి, సగంలో ఆగిపోయింది, పాతదీ లేదు కొత్తదీ లేదు అన్నాడు. నన్ను ఒక మాట అడగకుండా డిస్కంతా తుడిచి కొత్త సిస్టమ్ వేసేశాడు. ఇప్పుడు సైటు చక్కగా తెరుచుకుంటోంది. నిన్నటినుంచి అర్జీలవాళ్ళు వరస కట్టారు. ఆ తెల్లటి తెర, దాని మెరుపు, చూస్తేనే నాకు కంపరం.

కాపీ చేసిన డిస్కు పెట్టి నీ నాటకాలు తెరిచాను. అక్షరాలు లేవు మామా. ఇంగ్లీషు ముక్కలు, ఆశ్చర్యార్థకాలు, బ్రాకెట్లు, కోడి కెలికిన పేడకుప్పలాగా ఉంది. అమరనాథ్ దేనితోనో మార్చి చూశాడు. పెళ్ళికార్డులు బాగానే వచ్చాయి. నీ పద్యాలు మాత్రం రాలేదు, ఎందుకంటే నీ గుర్తుల కోసం నేను అక్షరాలను పీకి వేరేవి పెట్టాను కదా. అలా మార్చిన అక్షరాల ఫాంటు పాత సిస్టమ్ లోపల ఉండిపోయింది. దాన్ని కాపీ చేయాలని వాడికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఏడుస్తూ కూర్చోను. నువ్వు ఈ వారమే రా. దిబ్బూరహళ్ళి నాటకంతో మొదలుపెడదాం. నువ్వు పాడు, నేను కొడతాను.

అంబిక


చింతామణి,
తారీకు వేయబుద్ధి కావడం లేదు

అమ్మా అంబికా,

రాలేను. వచ్చినా నీకు ఉపయోగం లేదు.

గొంతులో ఉందని రాసింది అబద్ధం. నిరుడు మంచేనహళ్ళిలో ప్రాక్టీసు జరుగుతుంటే, నా వేళ్ళు హార్మోనియం మెట్ల మీదే ఉన్నాయి, తరవాతి పాదం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. దగ్గు వచ్చినట్టు చేసి బయటికి పోయి నిలబడ్డాను. వెనక్కి వచ్చేసరికి వాళ్ళు టీ తాగుతున్నారు, ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి ఒకచోట కాదు, చాలాచోట్ల పోతోంది. చెవుడు అందరికీ చెప్పుకున్నాను, అది గౌరవమైన జబ్బు. ఇది చెప్పుకోలేదు.

ప్రూఫు చూడటానికి నీ దగ్గరకు వచ్చేవాణ్ణి కదా. తప్పులు దిద్దడానికి కాదమ్మా, చదువుకోవడానికి. పగలంతా చదివి బస్సులో నెమరేసుకుంటూ వచ్చేవాణ్ణి. అది కొన్నాళ్ళు నిలిచేది. పూర్తి ప్రింటు నీ చేతినుంచి తీసుకుంటే మాస్టరు పరువు పోతుందనుకున్నాను. ఆ పరువుకు ఇప్పుడు కుంకుమ పెట్టుకోవాలి.

నా మీద నాకే రోతగా ఉంది. తెలివి తక్కువవాడని నేను తిట్టని మనిషి లేడు ఈ జిల్లాలో. ఆ పెట్టెకు విశ్రాంతి ఇవ్వమని రాసిందీ నేనే, పీకింది మీ అత్త అయినా పీకించింది నేను. ఆమెను ఏమీ అనొద్దు.

దిబ్బూరహళ్ళివాళ్ళకు ఆట లేదని చెప్పి పంపుతున్నాను.

వెంకటరాయప్ప


బాగేపల్లి,
కార్తీకం, మొదటి సోమవారం

మామా,

నువ్వు చెప్పి పంపకముందే నేను దిబ్బూరహళ్ళికి పోయాను. కోప్పడితే పడు.

నీ ఉత్తరం చదివి అంగడి మూసేశాను. నీ జబ్బు గురించి నాకు చెప్పనందుకు నీ మీద పట్టలేనంత కోపం వచ్చింది. తరవాత తట్టింది. కాగితాలు నువ్వు కాల్చావు, పెట్టెను మనమిద్దరం కలిసి చంపాం, నీ గొంతు పోయింది. ఇక మిగిలింది నువ్వు రోజూ తిట్టే ఆ నోళ్ళే.

పిళ్ళప్ప పట్టుపురుగులకు ఆకు వేస్తున్నాడు. రాజు పద్యాలు చెప్పు రాసుకుంటానన్నాను. నోరు తెరిచాడు, మూశాడు. "ముందర మంత్రి మాట యాడమ్మా? అది ఇనబడకపోతే నాకు పద్యం రాదు" అన్నాడు. నిజంగానే రాలేదు. ఆయన పద్యం ఆయన దగ్గర ఉంది, దాని తాళంచెవి మంచేనహళ్ళిలో మంత్రి వేషం మునికృష్ణప్ప దగ్గర ఉంది. అలా ఒకరి తాళంచెవి ఇంకొకరి దగ్గర పెట్టి పోయావు నువ్వు. అందరినీ ఒక్కచోటికి తెచ్చేసరికి నా తాతలు దిగివచ్చారు. ఒకాయన గౌరిబిదనూరు సంత వదిలి రానన్నాడు. ఇంకొకాయన తాగి వచ్చాడు. నా వేషం పెద్దదంటే నాదే పెద్దదని కొట్టుకున్నారు. పట్టుపురుగుల వాసన, తాంబూలం ఉమ్ము, బీడీ పొగ, ఆ కొట్టంలో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని రాసుకున్నాను. నువ్వు ఇన్నేళ్ళు ఎలా భరించావో అప్పుడు తెలిసింది.

కాని మంత్రి మాట పలికాడు, రాజు అందుకున్నాడు. రాజు ఆగిన చోట రాణి అందుకుంది, మీసాలతోనే. పొద్దు వాలేసరికి నాటకం చాలావరకు వచ్చేసింది. వాళ్ళకు కూడా ఆశ్చర్యమే, పూర్తి నాటకం వరసగా కాగితం మీద ఎవరూ ఎన్నడూ చూడలేదు కదా. "ఇంత పెద్దదా మనది" అన్నాడు పిళ్ళప్ప.

కొత్త సిస్టమ్‌లో కొడుతున్నాను. గుర్తులు మళ్ళీ కల్పించాలి. కొన్నిచోట్ల ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు, ఏది నీదో నాకు తెలియడం లేదు. మిగతా నాటకాలు ఆశ వదులుకో మామా, వాటి వేషగాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఈ ఒక్కదానికి నువ్వు రావాలి. ఆదివారం అందరూ వస్తారు. వినబడకపోయినా సరే, వచ్చి కూర్చో.

అంబిక


చింతామణి,
దిబ్బూరహళ్ళి నుంచి వచ్చిన మరునాడు

అమ్మా అంబికా,

ఆదివారం నువ్వు అర్జీలు ఉన్నాయని మధ్యాహ్నమే బస్సెక్కి పోయావు. ఆ తరవాత జరిగింది రాస్తున్నాను.

నాకు వినబడదు కాబట్టి వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నాను. ఎప్పుడూ పక్కన కూర్చుని మెట్లు చూసుకునేవాణ్ణి, ఎదురుగా కూర్చోవడం ఇదే మొదలు. ఊపిరి ఎక్కడ తీస్తున్నారో భుజాల్లో తెలిసింది, రాగం ఎక్కడ సాగుతోందో మెడ నరాల్లో తెలిసింది. అవన్నీ నువ్వు ఇచ్చిన కాగితం మీద గుర్తులు పెట్టాను, పంపుతున్నాను. పిళ్ళప్ప నోట్లో ఆ రోజు కూడా తాంబూలమే. నా చొక్కా మీద పడింది. తుడుచుకోవడానికి వాడే తన తువ్వాలు ఇచ్చాడు, అది ఇంకా మురికిగా ఉంది.

రాజు తన కొడుకు శవం ముందు పాడే పద్యం ఉంది కదా. దాని మూడో పాదం నువ్వు రాసినది చూసుకుంటూ వాడి పెదవులు చూశాను. వాడు తప్పు పాడుతున్నాడు. అది నా మాట కాదు. అంత చచ్చు మాట నేను ఆ చోట పెట్టను, తాళం కుంటుతుంది, దుఃఖం అంతా చప్పబడిపోతుంది. నా చెవికి వినబడనందువల్ల వాడు ఎన్నేళ్ళనుంచి అలా పాడుతున్నాడో దేవుడికెరుక. కోపం ఆగలేదు, లేచి చెయ్యెత్తి ఆపాను. అది కాదురా అన్నాను.

అందరూ ఆగారు. పిళ్ళప్ప నా దగ్గరకు వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాడు. "మరి యాదప్పా సరైంది? చెప్పు, అట్లే పాడ్తా."

వాడు వెటకారంగా అడగలేదు. శిష్యుడు అడిగినట్టే అడిగాడు, చేతులు కట్టుకొని. నేను హార్మోనియం తెరిచి ఆ చోటికి వేళ్ళు తెచ్చాను. ముందు పాదం వాయించాను. మళ్ళీ వాయించాను. వాళ్ళందరూ కాచుకొని ఉన్నారు. ఏదో ఒకటి అక్కడికక్కడే కట్టి చెప్పి ఉండవచ్చు, వాళ్ళు నమ్మేవాళ్ళు. నాకు నోరు రాలేదు.

కానీరా, ముందుకు పోండి అన్నాను.

రాత్రి ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. ఇప్పుడు నీకు రెండు మాటలు చెబుతున్నాను. పూర్తి నాటకం ప్రింటు తీయి. నాకు ఒక్కటే కాదు, అందరికీ తలా ఒకటి ఇవ్వు, ఎవడు దొంగిలించినా దొంగిలించనీ. ఆట ఒప్పుకున్నామని దిబ్బూరహళ్ళికి చెప్పాను.

ఆ మూడో పాదం పిళ్ళప్ప పాడినట్టే రాయి. అది తప్పు. సరైనది నా దగ్గర లేదు.

మీ మామ
వెంకటరాయప్ప